ఇరవై నాలుగు చీటీలు: నల్గొండ నుంచి కోయిలకొండ దాకా

డిసెంబర్ 22, 2024, ఆదివారం

శంషాబాద్‌లో విమానం దిగేసరికి ఇంకా తెల్లవారలేదు. పెట్టెలో నాన్నకు స్వెట్టరు, అమ్మకు ఒక పింగాణీ గిన్నె, ఒక బిస్కెట్ల డబ్బా. ఫ్రాన్స్‌లోని లిమోజ్ ఊరి పింగాణీకి పెద్ద పేరు. నేను కొన్నది మాత్రం సంతలో, అంచు కాస్త విరిగింది కాబట్టి నాలుగు యూరోలకే వచ్చింది. డబ్బాలో బిస్కెట్లు లేవు. ఇరవై నాలుగు చీటీలున్నాయి.

చీటీల సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అది చెప్పడమే కష్టం. అక్టోబరు నుంచి ఫ్రాన్స్ నడిమధ్యలో క్రూజ్ అనే జిల్లాలో, ఒక చిన్న పట్నంలో ఇంగ్లిష్ అసిస్టెంటుగా ఉంటున్నాను. జిల్లా మొత్తం కలిపినా నల్గొండ పట్నమంత జనం ఉండరు. పదిహేను నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలు చదివే బడిని అక్కడ లిసే అంటారు. ఏటా చాలా దేశాల నుంచి నాలాంటి వాళ్లను పిలిపించుకుని, తమ పిల్లల చేత విదేశీ భాషలు మాట్లాడించడం ఆ దేశంలో నూరేళ్ల పైబడిన అలవాటు. అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఏడు నెలలు, వారానికి 12 గంటలు పని, నెలకు దాదాపు 800 యూరోలు చేతికొస్తాయి. మార్కులు వేయను, సిలబస్ చెప్పను. ఒక క్లాసును రెండుగా విడగొట్టి పన్నెండు మందిని నా గదికి పంపుతారు. వాళ్ల నోరు తెరిపించడమే నా పని. పదహారేళ్ల పిల్లల నోరు పొద్దున ఎనిమిదింటికి తెరిపించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

క్రిస్మస్ సెలవులు రెండు వారాలు. సెలవుల్లో బడి పైఅంతస్తులో మేముండే గదులకు హీటింగ్ తగ్గించేస్తారని తెలిసి, నెల జీతం దాదాపు అంతా పెట్టి టికెట్ కొన్నాను. చివరి క్లాసులో పిల్లలకు తలా ఒక చీటీ ఇచ్చి, మా ఊరి గురించి ఒక్క ప్రశ్న రాయమన్నాను. జనవరిలో జవాబులు తెస్తానని మాటిచ్చాను. అప్పుడు తేలిగ్గానే అనిపించింది.

ఎల్బీనగర్‌లో నల్గొండ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చున్నాక మొదటి చీటీ తీశాను. "మీ ఊరికి బస్సు టికెట్ ఎంత?" కండక్టర్ ఆధార్ చూపించమంది. చూపించాను. మిషన్లోంచి జీరో టికెట్ వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు ఛార్జీ లేదు. సున్నా రూపాయల టికెట్‌ను కూడా ఎందుకు కొడతారో పిల్లలకు ఇంగ్లిష్‌లో చెప్పాలి. దాన్ని జాగ్రత్తగా మడిచి డబ్బాలో పెట్టుకుంటుంటే పక్కామె నావైపు అనుమానంగా చూసింది. "పైసలు లేని టికెట్‌ను గంత భద్రం జేస్తున్నవేంది?" అంది. చౌటుప్పల్ దాటేదాకా ఆమెకు చీటీల కథ చెప్తూనే ఉన్నాను. అంతా విని, "జీతమెంత?" అని అడిగింది.

డిసెంబర్ 23, సోమవారం

నల్గొండ నుంచి దేవరకొండ రోడ్డు మీద కాస్త దూరం పోతే నాయనమ్మ వాళ్ల ఊరు. పత్తి ఆఖరి ఏరుడు నడుస్తోంది. ఇళ్ల ముందు పత్తి కుప్పలు, వాటి మీద పిల్లలు, పిల్లల మీద పెద్దల కేకలు.

ఊళ్లో నా ఉద్యోగం గురించి అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన నిదానంగా అడిగాడు. "అసిస్టెంటంటే ఏంది బిడ్డా, సార్లకు చాయ్ తెచ్చిచ్చుడా?" మా దిక్కు ఆఫీసుల్లో అటెండర్‌ను మర్యాదగా అసిస్టెంటంటారు కదా, తప్పు ఆయనది కాదు. కాదు తాతా, పిల్లలతో మాట్లాడతానని చెప్పాను. "మాట్లాడితే పైసలిస్తరా?" ఇస్తారన్నాను. ఆయన పక్కనున్నాయన దిక్కు తిరిగి, "మనం గిన్నేండ్లు ఉత్తగనే మాట్లాడితిమి గదరా" అన్నాడు.

మధ్యాహ్నం నాయనమ్మ పచ్చడికి నిమ్మకాయలు లెక్కపెడుతోంది. నేను ఎదురుగా కూర్చుని ఆమె చేతులే చూస్తున్నాను. రెండేసి కాయలు తీసి గంపలో వేస్తుంది. పది సార్లు వేశాక పక్కనున్న చింతగింజల్లోంచి ఒక గింజ తీసి గడప మీద పెడుతుంది. మళ్లీ మొదలు. కాయలు అయిపోయేసరికి గడప మీద నాలుగు గింజలున్నాయి, గంపలో చివరి లెక్క పద్దెనిమిది దగ్గర ఆగింది. "నాలుగిరువైల పద్దెనిమిది" అంది నాయనమ్మ.

నాకు నవ్వాగలేదు. ఫ్రెంచిలో తొంభై ఎనిమిదిని సరిగ్గా అలాగే అంటారు. నాలుగు ఇరవైలు, పద్దెనిమిది. అక్టోబరులో ఫోన్ నంబర్లు రాసుకునేటప్పుడు, బ్యాంకులో, సూపర్‌మార్కెట్‌లో ఈ ఇరవైల లెక్కతో నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. వాళ్లు "నాలుగిరవై" అనగానే నేను 4, 20 అని రాసేదాన్ని, ఇంతలో "పద్దెనిమిది" వచ్చిపడేది. ఈ సంగతి చెప్తే నాయనమ్మకు వింతగా ఏమీ అనిపించలేదు. "మరెట్ల లెక్కపెడ్తరు? చేతులకు పది, కాళ్లకు పది. మీ చదువులొచ్చినంకనే తొంభైలొచ్చినయ్" అంది. ఆ నాలుగు చింతగింజలూ అడిగి తీసుకున్నాను. ఏ చీటీలోనూ ఈ ప్రశ్న లేదు, అయినా తీసుకెళ్తున్నాను.

డిసెంబర్ 24, మంగళవారం

నేను చదివిన ఊరి బడికి వెళ్లాను. నాకు ఇంగ్లిష్ చెప్పిన సార్ ఇంకా అక్కడే ఉన్నారు. "ఇంగ్లిష్ వాళ్లకే ఇంగ్లిష్ నేర్పుతున్న మన బిడ్డ" అని తొమ్మిదో తరగతికి పరిచయం చేశారు. ఇంగ్లిష్ వాళ్లకు కాదు సార్, ఫ్రెంచి వాళ్లకు అన్నాను. "అంతా ఒకటే" అన్నారు సార్. పిల్లలు చప్పట్లు కొట్టేశారు.

ఒకటేం కాదు. లిసేలో మొదటి వారం ఒకమ్మాయి నాకు అర్థం కాదనుకుని, నా ముందే తన టీచర్‌ను ఫ్రెంచిలో అడిగింది, అసలైన ఇంగ్లిష్ వాళ్లు ఎవరూ దొరకలేదా అని. టీచర్ మొహం ఎర్రబడింది. నేను అర్థం కానట్టే నిలబడ్డాను, ఎందుకంటే క్లాసులో మాకు ఫ్రెంచి రానట్టే ఉండమని ముందే చెప్తారు. మర్నాడు ఆ గుంపుకు పది రూపాయల నోటు వెనకవైపు చూపించాను. అక్కడ వరసగా పదిహేను భాషల్లో పది రూపాయలని ఉంటుంది, ముందువైపు హిందీ, ఇంగ్లిష్ వేరే. ఇందులో నాది ఏదో చెప్పండన్నాను. గంట మొత్తం అదే ఆట నడిచింది. గుండ్రంగా ఉన్నవన్నీ వేలు పెట్టి చూపించారు, కన్నడం, మలయాళం, ఒడియా. తెలుగు కింది నుంచి రెండోది. దాన్ని కనిపెట్టింది ఆ అమ్మాయే. తలకట్టు చూసి, "దీనికి ప్రతి అక్షరం మీద టిక్ మార్కు ఉంది, మీరు టీచర్ కాబట్టి ఇదే అయ్యుంటుంది" అంది. చీటీలో తను ఏం రాసిందో తెలుసా? "పది రూపాయల నోటు నాకొకటి తెస్తారా?" ఇప్పుడు ఇరవై నాలుగు నోట్లు పోగెయ్యాలి. దుకాణాల్లో అడిగితే అందరూ బిళ్లలే ఇస్తున్నారు.

మా బడి పిల్లల దగ్గరా అదే పద్ధతి చేద్దామని, నన్ను ఏదైనా అడగండి, ఇంగ్లిష్‌లోనే అడగాలి అన్నాను. 2022 నుంచి ప్రభుత్వ బళ్లలోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది కదా, కొంచెం ధైర్యం పెరిగి ఉంటుందనుకున్నాను. క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అక్కడా ఇంతే, ఇక్కడా ఇంతే. తేడా ఒకటుంది. అక్కడి పిల్లలు బల్ల వైపు చూస్తారు, మా పిల్లలు సార్ వైపు చూస్తారు. సార్‌ను బతిమాలి బయటికి పంపాక మూడో బెంచీలో ఒకమ్మాయి లేచింది. "మేడం, హూ ఈజ్ కుకింగ్ ఫర్ యూ?" అని అడిగింది. ఐయామ్ కుకింగ్ అన్నాను. తనకు నమ్మకం కుదరలేదు. "డైలీ?" అంది.

మధ్యాహ్న భోజనం దగ్గర ఇంకో చీటీకి జవాబు దొరికింది. స్టీలు పళ్లెంలో అన్నం, పప్పు, ఒక గుడ్డు ఫొటో తీసుకున్నాను. లిసే క్యాంటీన్‌లో ట్రే మీద ముందు సలాడ్, తర్వాత అసలు వంట, తర్వాత చీజ్, ఆఖరుకు తీపి ఉంటాయి. చీజ్ వద్దంటే వడ్డించేవాళ్లు చిన్నబుచ్చుకుంటారు, మన దగ్గర పెరుగు వద్దన్నట్టు. ఇక్కడ తిన్నాక ఎవరి పళ్లెం వాళ్లే కుళాయి దగ్గర కడుక్కుంటున్నారు. ఆ వరసను కూడా ఫొటో తీశాను.

డిసెంబర్ 25, బుధవారం

ఊరికే ఉండడమెందుకని చెల్లితో నల్గొండ పక్కనున్న పానగల్లుకు వెళ్లాను. ఛాయా సోమేశ్వరాలయంలో శివలింగం మీద పగలంతా కదలకుండా ఒక స్తంభం నీడ పడుతుంది. అది ఏ స్తంభానిదో మాత్రం ఎంచి చెప్పలేం. వీడియో తీశాను, పిల్లల చేత ఊహాగానాలు చేయించడానికి ఒక గంట సరిపోతుంది. మిగతాదంతా చెల్లి సెల్ఫీలే.

డిసెంబర్ 26, గురువారం

నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా బస్సులు మారుతూ వెళ్లాను. రోజంతా పట్టింది. ఈ దారిని వర్ణించాలని కూర్చున్నాను కానీ సగం నిద్రపోయాను. మెలకువ వచ్చినప్పుడల్లా ఎర్ర మట్టి, కంది చేలు, అక్కడక్కడా గుండ్లు పేర్చినట్టున్న గుట్టలు. జడ్చర్లలో దిగి మిర్చీబజ్జీ తిన్నాక ప్రాణం లేచొచ్చింది.

మహబూబ్‌నగర్‌లో పెద్దమ్మ కొడుకు, వదిన ఉంటారు. అన్న ఆటో నడుపుతాడు. బస్టాండుకు వచ్చి నా పెట్టె ఎత్తి చూసి, "ఫ్రాన్స్ పోయి గింతేనా సంపాయించింది?" అన్నాడు.

డిసెంబర్ 27, శుక్రవారం

రాత్రి మన్మోహన్ సింగ్ చనిపోయారు. పొద్దున్నే సెలవు ప్రకటించారని టీవీలో చెప్పారు, ఇంట్లోనే ఉండిపోయాం. వదిన దగ్గర జొన్నరొట్టె చేయడం నేర్చుకుందామని కూర్చున్నాను. వేడినీళ్లతో పిండి కలిపి, పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే ఆమె చేతికింద రొట్టె దానంతటదే పెద్దదవుతోంది. నా చేతికింద మూడు ముక్కలైంది. "మాట్లాడుడు ఆపి కొట్టు" అంది వదిన. నా ఉద్యోగానికి పూర్తిగా వ్యతిరేకమైన సలహా.

మా లిసే మేడపైన ఉమ్మడి వంటగది ఒకటుంది. స్పానిష్ అసిస్టెంటు, జర్మన్ అసిస్టెంటు, నేను. ముగ్గురం మూడు దేశాల వంట వండుకుని, ఎవరి భాషా ఎవరికీ రాక, ఫ్రెంచిలో తప్పులు మాట్లాడుకుంటూ తింటాం. రొట్టె వీడియో వాళ్లిద్దరికీ పంపాను.

డిసెంబర్ 28, శనివారం

పొద్దున పిల్లలమర్రి. "మీ దగ్గర అన్నిటికంటే పాతది ఏమిటి?" అని ఒక చీటీలో ఉంది. ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు దీన్ని, ఊడలు దిగి దిగి మూడు నాలుగెకరాలు పరుచుకుంది. మొదలు ఎక్కడో చూపించమంటే ఎవరూ చూపించలేరు. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. మర్సటేడు చెదల మందును సెలైన్ సీసాల్లో నింపి, కొమ్మలకు ఆస్పత్రిలో పేషెంటుకు పెట్టినట్టు చుక్కచుక్కగా ఎక్కించారు. పానగల్లు గుడి దీనికంటే పాతదే, కానీ సెలైన్ పెట్టించుకున్నది ఇదొక్కటే కాబట్టి జవాబు ఇదే అని తీర్మానించాను.

గద్వాల, అలంపురం కూడా అనుకున్నాను. పెద్దమ్మ ఫోన్ చేసి, కోయిలకొండ దిక్కున తమ ఊరికి రాకుండా వెళ్తే మొహం చూడనంది. దాంతో సాయంత్రానికల్లా అక్కడున్నాను.

పెద్దనాయినకు అరవై దాటాయి. ముప్పై ఏళ్లు వలస పోయాడు. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, దసరా వెళ్లాక బొంబాయి, పుణె, గుజరాత్. మట్టిపని, కాంక్రీటు పని. ఆయన తండ్రి నాగార్జునసాగర్‌లో రాళ్లు మోశాడట. పాలమూరు లేబర్ అంటే దేశంలో ఆనకట్టలు కట్టేవాళ్లందరికీ తెలిసిన పేరు. టీవీలో మన్మోహన్ సింగ్ గురించే వస్తుంటే, "ఉపాధి హామీ ఈయనప్పుడే వచ్చింది. అప్పటి నుంచి మీ పెద్దమ్మ నాతోని వచ్చుడు బంజేసింది" అన్నాడు. ఆ పథకం 2006లో మొదలైనప్పుడు మొదటి విడతలోనే మహబూబ్‌నగర్ ఉంది.

అన్నం తిన్నాక నా ఉద్యోగం గురించి అడిగాడు. అప్పటికి ఆరు రోజులుగా అందరికీ చెప్పీ చెప్పీ ఉన్నాను, క్లుప్తంగా చెప్పేశాను. అక్టోబరులో వెళ్లాను, ఏప్రిల్ ఆఖరున వచ్చేస్తాను. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు.

"దసరాకు పోయి ఉగాది దాటినంక వస్తవ్."

అవునన్నాను.

"ఉండనీకి రూం వాళ్లదేనా?"

వాళ్లదే.

"అడ్వాన్సు ఇచ్చిండ్రా?"

ఇచ్చారు! మొదటి నెల కాగితాల పని పూర్తి కానందుకు పూర్తి జీతం రాలేదు, కొంత భాగం ముందిచ్చారు. ఆ కాగితం మీద దాని పేరు కూడా అదే, ఫ్రెంచిలో "అవాన్స్". ఆ మాట చెప్పగానే పెద్దనాయిన మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. "అయితే నువ్వూ గుంపుల పోయినట్టే. మేస్త్రీ ఎవడో కనబడడు, గంతే" అన్నాడు. పెద్దమ్మ కోప్పడింది, చదువుకున్న పిల్లను అట్లా అంటారా అని. నాకు మాత్రం వారం రోజుల్లో నా ఉద్యోగాన్ని సరిగ్గా అర్థం చేసుకున్నది ఈయనొక్కడే అనిపించింది.

డిసెంబర్ 29, ఆదివారం

రాత్రి నిద్ర పట్టక చీటీలు మళ్లీ తీశాను. అడుగున ఒకటి మిగిలింది. ఎప్పుడూ వెనక కూర్చుని, కిటికీలోంచి గోధుమరంగు లిమూజాఁ జాతి ఆవులను చూస్తూ ఉండే అబ్బాయిది. "మీ ఊళ్లో ఇళ్లు ఎవరు కడతారు?" అని రాశాడు. ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాశాడనుకుని పక్కన పెట్టాను.

ఇప్పుడు చదివితే వేరేగా ఉంది. క్రూజ్ జిల్లాకు ఫ్రాన్స్‌లో ఉన్న పేరంతా తాపీ పనివాళ్లదే. పందొమ్మిదో శతాబ్దంలో అక్కడి మగవాళ్లు ఏటా మార్చిలో గుంపులుగా బయల్దేరి, పారిస్‌కూ లియోన్‌కూ వెళ్లి భవనాలు కట్టి, చలికాలానికి తిరిగొచ్చేవాళ్లు. చలికి సున్నం గడ్డకడుతుంది కాబట్టి వాళ్ల కాలం మన పాలమూరుకు తలకిందులు. ఇక్కడ వానాకాలం పంట అయ్యాక పోతారు, అక్కడ మంచు కరగగానే పోయేవాళ్లు. మార్తాఁ నదో అనే ఆయన 1830లో పద్నాలుగేళ్ల వయసులో తండ్రి వెంట చాలా దూరం నడిచి పారిస్‌కు వెళ్లి తాపీ పట్టాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1851లో కుట్ర జరిగి రాజ్యం మారాక దేశం వదలాల్సి వచ్చి, ఇంగ్లాండులో ముందు తాపీ పనే చేసి, ఆ తర్వాత బడిలో పిల్లలకు ఫ్రెంచి చెప్పుకుని బతికాడు. లిసేలో హిస్టరీ టీచర్ ఇదంతా చెప్పినప్పుడు, పరాయి దేశంలో భాష చెప్పిన మేస్త్రీ అని ఆయన మీద అభిమానం కలిగింది కానీ, పాలమూరు మాత్రం గుర్తుకు రాలేదు. నేనూ ఈ జిల్లా మనవరాలినే.

పొద్దున పొయ్యి దగ్గర చలి కాచుకుంటున్న పెద్దనాయినకు ఆ తాపీ పనివాళ్ల కథ చెప్పి, చీటీ చదివి వినిపించాను. ఫోన్ ఆన్ చేసి, చెప్పు పెద్దనాయినా, ఆ పిల్లగాడికి నీ మాటల్లోనే చెప్పు, కింద నేను ఇంగ్లిష్‌లో రాస్తానన్నాను. గొంతు సవరించుకున్నాడు. తువ్వాల సర్దుకున్నాడు. ఇళ్లు కట్టేది మేమేనని ఒక్క ముక్కలో చెప్పాడు. తర్వాత చాలాసేపు ఏ సైట్‌లో ఏం కట్టాడో చెప్పుకుంటూ పోయాడు. పుణెలో కట్టిన ఒక అపార్టుమెంటు లోపలికి, కట్టడం అయిపోయాక వాచ్‌మన్ రానివ్వలేదట. అది చెప్పి కాసేపు ఆగాడు. నేను ఆపేయబోతుంటే చెయ్యెత్తాడు.

"పిల్లగాన్ని నేనొకటి అడగాలె. వాళ్ల తాతముత్తాతలు గట్ల నడుచుకుంట పోయేటోళ్లు గదా. ఇంటికాడ ఆడోళ్లకు ఎన్నొద్దులకు పైసలు పంపేటోళ్లో, ఎవరితోని పంపేటోళ్లో కనుక్కొని చెప్పమను. మాకు గదే తిప్పలైతుండె."

చీటీ వెనక ఆ ప్రశ్న రాసుకున్నాను. ఈసారి జవాబు తేవాల్సింది వాడు. పెద్దమ్మ పల్లీలు మూటకట్టి, మహబూబ్‌నగర్ బస్సు మూల తిరుగుతోందని కేకేసింది.